నాణెం వైపుల పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏది ముందు, ఏది వెనుక అన్నది నాణెం విషయంలో చాలా చిన్న సందేహంలా కనిపిస్తుంది. పందెం వేసేవారు పిలిచే పేరు, టంకశాల పత్రాలలో రాసే పేరు, పాత నాణేలను పరిశీలించే పండితులు పెట్టే పేరు మాత్రం ఎప్పుడూ ఒక్కటి కావు. పందెంలో కంటికి కనిపించే బొమ్మను బట్టి, టంకశాలలో ప్రభుత్వ నిర్ణయాన్ని బట్టి, పరిశోధనలో నాణెం తయారైన తీరును బట్టి పేరు పెడతారు. కింది ప్రశ్నలలో చాలా వరకు ఈ మూడింటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

నాణేనికి ఎన్ని వైపులు ఉంటాయి, వాటిని ఏమంటారు?

మూడు ఉంటాయి. బొమ్మ, బొరుసు అనే రెండు వైపులూ అందరికీ తెలిసినవే. ఆ రెండింటినీ కలుపుతూ చుట్టూ తిరిగే అంచు మూడవది. నాణేశాస్త్రం గురించి తెలుగులో రాసేవారు మొదటిదాన్ని ముఖభాగం లేదా పురోభాగం అనీ, రెండవదాన్ని వెనుక భాగం లేదా పృష్ఠభాగం అనీ అంటారు. సేకరణదారులు మాట్లాడుకునేటప్పుడు అబ్వర్స్, రివర్స్ అనే మాటలే ఎక్కువగా వాడతారు. అంచును, ముఖం మీద చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా ఉండే గట్టును చాలామంది ఒకటే అనుకుంటారు. నాణెం బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు పై నుంచి చూస్తే కనిపించేది గట్టు; దాన్ని నిలబెట్టి దొర్లిస్తే నేలను తాకేది అంచు. గట్టు రెండు తలాలకూ వేరువేరుగా ఉంటుంది, అంచు ఒక్కటే.

బొమ్మ అంటే ఏ వైపు, బొరుసు అంటే ఏ వైపు?

మనిషి ముఖమో, రాజ్యచిహ్నమో ఉన్న వైపు బొమ్మ, తక్కినది బొరుసు. ఇప్పటి భారతీయ నాణేల మీద అశోక స్తంభపు సింహశీర్షం ఉన్న వైపును బొమ్మ అనీ, విలువ తెలిపే అంకె ఉన్న వైపును బొరుసు అనీ పిలుస్తారు. ఈ రెండు మాటలూ ఒక తూకానివి కావన్నది గమనించదగిన సంగతి. బొమ్మ అన్న మాటకు నాణెంతో నిమిత్తం లేకుండానే భాషలో బోలెడంత బతుకు ఉంది. బొరుసు అన్నది మాత్రం ఇవాళ్టి వాడుకలో బొమ్మ పక్కన తప్ప దాదాపు వినిపించదు. అంటే ఒక వైపుకు అక్కడ ఉన్నదాన్ని చూసి పేరు పెట్టారు, రెండో వైపుకు అది మొదటిది కాదని చెప్పడానికి ఒక పేరు కావలసి వచ్చింది. చాలా భాషలలో జరిగింది ఇదే.

ఇంగ్లీషులో ‘టెయిల్స్’ అంటారు కదా, ఆ తోక ఏ జంతువుది?

ఏ జంతువుదీ కాదు. ఒక వైపు తల ఉంది కాబట్టి, దానికి ఎదురుగా ఉన్నది తోక అయింది, అంతే. బ్రిటన్‌లో 1968 నుంచి వచ్చిన పది పెన్నీల నాణెం మీద తోక పైకెత్తిన సింహం ఉంది కనుక ఈ పేరు అక్కడి నుంచి పుట్టిందని చెప్పేవారు ఉన్నారు. అది నిలిచే మాట కాదు. తల, తోక అని పందెం పిలవడం ఆ భాషలో 17వ శతాబ్దం నాటికే ఉంది. 1968లో వచ్చిన సింహం దానికి మూలం కాలేదు.

ఇతర భాషలలో ఈ వైపులను ఏమంటారు?

ఇక్కడే ఈ విషయం అన్నిటికంటే ఆసక్తికరంగా ఉంటుంది, ఎందుకంటే నాణెం మీది బొమ్మ మారిపోయినా పిలుపు మారకుండా నిలిచిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ప్రాచీన రోమ్‌లో పిల్లలు నాణెం ఎగరేస్తూ ‘తలలా, ఓడలా’ అని అర్థం వచ్చే మాటలతో పిలిచేవారు. వారి పాత కంచు నాణేల మీద ఒక వైపు రెండు ముఖాల జానస్ దేవుడు, మరో వైపు ఓడ ముందుభాగం ఉండేవి. ఈ సంగతిని క్రీ.శ. 5వ శతాబ్దపు రచయిత మాక్రోబియస్ నమోదు చేశాడు. ఆ నాణేలు చలామణీ నుంచి పోయి ఎంతో కాలమైనా పిలుపు మాత్రం నిలిచే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. స్పెయిన్‌లో ముఖమా, శిలువా అంటారు; ఇటలీలో తలా, శిలువా అంటారు. ఆ శిలువ మధ్యయుగపు నాణేల వెనుక భాగం మీద ఉండేది. గ్రీకులు కిరీటమా, అక్షరాలా అని అడుగుతారు. గ్రీసులో రాచరికం పోయి యాభై ఏళ్లు దాటింది, ఆటలో కిరీటం మాత్రం దిగలేదు.

తుర్కీ భాషలో ‘యాజీ’ అంటే రాత, ‘తురా’ అంటే సుల్తాను పేరును అల్లికగా రాసిన తుగ్రా ముద్ర. ఇప్పుడు ఆ వైపు ఆధునిక తుర్కీ స్థాపకుడు అతాతుర్క్ ముఖం ఉన్నా, దాన్ని ఇంకా తురా అనే పిలుస్తారు. మెక్సికోలో గద్దా, సూర్యుడా అంటారు. గద్ద జాతీయ చిహ్నంగా ఇప్పటికీ నాణెం మీద ఉంది, సూర్యుడు పాత నాణేల నాటివాడు. జర్మన్లు తలా, సంఖ్యా అనే అర్థంలో పిలుస్తారు. రష్యన్లు గద్ద వైపును గద్ద అనే అంటారు. అర్జెంటీనాలో ముఖం కాని వైపుకు పెట్టిన పేరు ‘సెకా’, అంటే టంకశాల. నాణెం మీది రూపాన్ని కాక, దాన్ని కొట్టిన చోటును పేరుగా పెట్టుకోవడం అరుదైన సంగతి.

మనకు దగ్గరి భాషలలో తమిళులు ‘పూవా, తలయా’ అంటారు. హిందీలో ‘చిత్, పట్’ అంటారు. వెల్లకిలా పడటం చిత్, బోర్లా పడటం పట్. ఈ జంటలో బొమ్మ ప్రసక్తే లేదు, ఉన్నది పడిన తీరు. నా దృష్టిలో అన్ని భాషల పిలుపులలోనూ ఆటకు అతి దగ్గరగా ఉన్నది ఇదే.

అధికారికంగా ఏది ముఖభాగమో ఎవరు నిర్ణయిస్తారు?

నాణేన్ని విడుదల చేసే ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దీనికి ప్రపంచమంతటికీ వర్తించే నియమం లేదు. ఉన్నది వాడుక మాత్రమే. రాజ్యాధికారాన్ని సూచించే ముఖం లేదా చిహ్నం ఉన్న వైపును ముఖభాగంగా తీసుకోవడం ఆ వాడుక.

భారతదేశంలో కొత్త నాణెం వచ్చేటప్పుడు గెజెట్ ప్రకటనలో రెండు వైపుల వివరాలనూ విడివిడిగా ఇస్తారు. అందులో సింహశీర్షం, దాని కింద సత్యమేవ జయతే, రెండు పక్కలా దేశం పేరు ఉన్న వైపును ముఖభాగం అంటారు. 1950 ఆగస్టు 15న వచ్చిన అణాల శ్రేణిలో రాజు బొమ్మ స్థానంలోకి సింహశీర్షం వచ్చింది. బొమ్మ మారింది గాని, వైపుకు ఉన్న హోదా మారలేదు. అమెరికాలో 1792 నాటి నాణేల చట్టం నాణెం ‘ఒక వైపు’ స్వేచ్ఛను సూచించే రూపం ఉండాలనీ, బంగారు, వెండి నాణేల ‘వెనుక’ గద్ద ఉండాలనీ చెప్పింది. ముందు వైపుకు పేరు పెట్టకుండా వెనుక వైపును మాత్రం వెనుక అన్న ఆ చట్టపు మాటతీరు తమాషాగా ఉంటుంది.

అన్ని దేశాలూ ఇంత స్పష్టంగా ఉండవు. జపాన్‌లో ఏది ముందో చెప్పే చట్టం ఇప్పుడు లేదు. తయారయిన సంవత్సరం ఉన్న వైపును వెనుక వైపుగా అక్కడి టంకశాల సౌలభ్యం కోసం పరిగణిస్తుంది. 2002 జనవరి 1న చలామణీలోకి వచ్చిన యూరో నాణేల విషయంలో ముందు, వెనుక అనే మాటలకంటే ‘ఉమ్మడి వైపు’, ‘జాతీయ వైపు’ అనే పేర్లే ప్రచారంలో ఉన్నాయి. విలువ తెలిపే ఉమ్మడి వైపు అన్ని దేశాలకూ ఒకటే, రెండో వైపు ఏ దేశానికి ఆ దేశానిది. ఎవరి గుర్తు ముందు, ఎవరిది వెనుక అన్న వాదానికి తావివ్వని పేర్లు అవి.

ఐర్లాండ్ సంగతి ఇంకొంచెం మెలికగా ఉంటుంది. 1928లో స్వతంత్రంగా వచ్చిన నాణేల మీద వీణను పోలిన హార్ప్ వాయిద్యాన్ని ముఖభాగంగానూ, గుర్రం, ఎద్దు, కుందేలు, కోడి వంటి జంతువులనూ పక్షులనూ వెనుక భాగంగానూ ఉంచారు. అక్కడ పందెంలో పిలుపు మాత్రం ‘తలలా, హార్పులా’ అనే. అధికారికంగా ముఖభాగమైన హార్ప్ ఆటలో తల కాని వైపుగానే ఉండిపోయింది.

రెండు వైపులా బొమ్మలు ఉంటే ఏది ముఖభాగం?

స్మారక నాణేల విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నందమూరి తారక రామారావు శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన వంద రూపాయల నాణేన్ని చూడండి. ఒక వైపు సింహశీర్షం, విలువ ఉన్నాయి. రెండో వైపు ఎన్.టి.ఆర్. ముఖం ఉంది. చేతికిస్తే ఎవరైనా ముఖం ఉన్నదే ముఖభాగం అంటారు. ప్రభుత్వ లెక్కలో మాత్రం సింహాలు ఉన్నదే ముఖభాగం, ఎన్.టి.ఆర్. ఉన్నది వెనుక భాగం. ఇటీవలి భారతీయ స్మారక నాణేలలో సాధారణంగా ఇదే పద్ధతి: ఎవరి పేరిట నాణెం వస్తుందో వారు వెనుక వైపే ఉంటారు. ఇందులో అగౌరవం ఏమీ లేదు. మొదటి స్థానం నాణేన్ని చెల్లించదగినదిగా చేసే రాజ్యచిహ్నానిది.

రాజ్యచిహ్నం అన్న ఆలోచనే లేని పాత నాణేలలో ముందు వైపును ఎలా గుర్తిస్తారు?

ఇక్కడ పండితులు బొమ్మను పక్కన పెట్టి తయారీని చూస్తారు. చేత్తో నాణేలు కొట్టే రోజుల్లో ఒక అచ్చును దాగలిలో, అంటే కమ్మరి వాడే దిమ్మలో, కదలకుండా దిగగొట్టేవారు. దాని మీద వేడి చేసిన లోహపు బిళ్ళను పెట్టి, పై నుంచి రెండో అచ్చును ఆనించి, సమ్మెటతో కొట్టేవారు. దాగలిలోని కింది అచ్చు ముద్రించిన వైపును ముఖభాగమనీ, సమ్మెట దెబ్బ తిన్న పై అచ్చు ముద్రించిన వైపును వెనుక భాగమనీ ప్రాచీన నాణేల పరిశోధనలో అంటారు. దెబ్బ నేరుగా తగిలేది పై అచ్చుకే గనుక అది తొందరగా పగిలేది, కింది అచ్చు ఎక్కువ కాలం నిలిచేది. అందుకే ఒక కాలపు నాణేలన్నిటినీ పోల్చి చూసినప్పుడు ఒకే ముఖభాగపు అచ్చుతో జతపడిన వెనుక అచ్చులు అనేకం కనిపిస్తాయి. ఆ జతలను గొలుసులా కలుపుకుంటూ పోయి, ఏ నాణెం ముందుదో ఏది తరవాతదో పరిశోధకులు తేలుస్తారు. ఆ విధంగా ముందు, వెనుక అన్న పేర్లు మర్యాద కోసం కాక లెక్క కోసం పనికివస్తాయి.

గ్రీసులోని ఏజినా ద్వీపపు తొలి వెండి నాణేలలో ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ముఖభాగాన తాబేలు ఉంటుంది. వెనుక బొమ్మే ఉండదు, అచ్చు దిగబడిన చదరపు గుంట మాత్రం ఉంటుంది. ఏథెన్స్ నాణేల మీద ముఖభాగాన అథీనా దేవత, వెనుక గుడ్లగూబ ఉన్నాయి. జనం ఆ నాణేలను ‘గుడ్లగూబలు’ అని పిలిచారు. పండితులు దేవతను ముందు పెట్టినా జనం నోట పేరు నిలిచింది వెనుక ఉన్న పక్షిదే.

మన విద్ధాంక నాణేలకు ఈ సూత్రం సరిపోదు, ఎందుకంటే వాటిని ఒకే పూర్తి అచ్చుతో కొట్టలేదు. వెండి ముక్క మీద ఒక్కొక్క గుర్తునూ విడిగా పొడిచారు. సాధారణంగా ఐదు గుర్తులు ఉన్న వైపును ముఖభాగంగా తీసుకుంటారు. రెండో వైపు ఖాళీగానో, ఒకటి రెండు చిన్న గుర్తులతోనో ఉంటుంది.

శాతవాహనుల వెండి నాణేల మీద ముఖభాగాన రాజు ముఖం, చుట్టూ ప్రాకృతంలో రాత ఉంటాయి. వెనుక భాగాన ఉజ్జయిని గుర్తు, కొండగుర్తు, చుట్టూ ద్రావిడ భాషలో రాత ఉంటాయి. గుప్తుల బంగారు నాణేలలో రాజు ముందు, దేవత వెనుక. విజయనగరపు వరహాలకు వచ్చేసరికి వరస తిరగబడింది: ఉమామహేశ్వరుల వంటి దైవరూపాలు ముఖభాగాన నిలిచాయి, ప్రతాప దేవరాయల వంటి రాజుల పేర్లు నాగరి లిపిలో వెనుకకు వెళ్లాయి.

రెండు వైపులా రాతలు మాత్రమే ఉంటే?

అప్పుడు రాతలో ఏముందో చదవాలి. క్రీ.శ. 7వ శతాబ్దం చివర ఖలీఫా అబ్దుల్ మలిక్ సంస్కరణ తరవాత వచ్చిన ఇస్లామీయ నాణేలలో రెండు వైపులా అరబ్బీ రాతలే ఉంటాయి. కలిమా, అంటే ఇస్లాం విశ్వాస వాక్యం, ఉన్న వైపును ముఖభాగంగా లెక్కించడం పండితుల వాడుక. నడుమ చదరపు రంధ్రం ఉన్న చైనా నాణేలలో నాలుగు పెద్ద అక్షరాలు ఉన్నది ముఖభాగం. వెనుక వైపు చాలా కాలం ఖాళీగానే ఉండేది, మంచూ పాలకుల కాలంలో అక్కడ టంకశాల పేరు మంచూ లిపిలో చేరింది.

అంచుకు ప్రత్యేకమైన పేరు ఉందా? దాని మీద ఏమైనా రాస్తారా?

పేరు అంచే. పందెంలో దానికి పిలుపు లేకపోవడం వల్ల అది వైపు కాదని అనుకుంటారు గాని, మోసాన్ని అరికట్టడంలో మిగతా రెండింటికంటే ఎక్కువ పని చేసింది అదే. వెండి, బంగారు నాణేల అంచులను కొంచెం కొంచెంగా కత్తిరించి ఆ లోహాన్ని అమ్ముకునేవారు ఉండేవారు. అంచు మీద దగ్గర దగ్గరగా నిలువు గాట్లు గాని, అక్షరాలు గాని ఉంటే కత్తిరించిన చోటు వెంటనే బయటపడుతుంది. ఇంగ్లండ్‌లో 1662 నుంచి యంత్రంతో చేసిన నాణేల అంచు మీద ‘అలంకారమూ రక్షణా’ అని అర్థం వచ్చే లాటిన్ మాటలు చెక్కారు. ఆ మాటలే 1983లో వచ్చిన పౌండు నాణెం అంచు మీద మళ్ళీ కనిపించాయి.

అమెరికాలో 2007లో మొదలైన అధ్యక్షుల డాలరు నాణేలలో సంవత్సరాన్ని, టంకశాల గుర్తును కూడా అంచుకే పంపారు. అంచు మీద రాత పడటం వేరే దశలో జరిగే పని కావడంతో, వాటిలో కొన్ని నున్నని అంచుతోనే బయటికి వచ్చేశాయి. అలాంటి నాణెం చేతికి వస్తే దాని మీద సంవత్సరం ఎక్కడా కనిపించదు.

సంవత్సరం ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందా?

ఉండదు. బ్రిటన్ 2008లో ఇరవై పెన్నీల నాణెం రూపం మార్చినప్పుడు, అప్పటివరకు వెనుక వైపు ఉన్న సంవత్సరాన్ని ముఖభాగానికి తెచ్చారు. పొరపాటున కొన్ని నాణేలను పాత ముఖభాగపు అచ్చుతోనూ కొత్త వెనుక అచ్చుతోనూ కొట్టారు. ఫలితంగా ఏ వైపునా సంవత్సరం లేని నాణేలు చలామణీలోకి వెళ్లాయి. జత కాని రెండు అచ్చులతో పుట్టిన ఇలాంటి నాణేన్ని సేకరణదారులు మ్యూల్ అంటారు, అంటే కంచరగాడిద. రెండు జాతుల సంకరం గనుక ఆ పేరు.

రెండు వైపులా ఒకే బొమ్మ ఉన్న నాణేలు నిజంగా ఉంటాయా?

చేతికి వచ్చేవాటిలో చాలా వరకు రెండు నాణేలను కోసి అతికించినవే, గారడీకి పనికివస్తాయి. తయారీలో పుట్టే అసలైన లోపం వేరు. ముందు కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోతే, తరవాతి బిళ్ళ మీద అదే అచ్చులా పనిచేస్తుంది. అప్పుడు ఒక వైపు బొమ్మ మామూలుగా ఉబ్బెత్తుగానూ, రెండో వైపు అదే బొమ్మ లోపలికి నొక్కుకుపోయి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి ఉంటుంది. దీన్ని బ్రాకేజ్ అంటారు.

నాణేన్ని తిప్పితే వెనుక బొమ్మ తలకిందులుగా కనిపిస్తోంది. అది లోపమా?

చాలాసార్లు కాదు. రెండు వైపులనూ ఒకదానితో ఒకటి అమర్చడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు నాణేన్ని పక్కకు తిప్పినప్పుడు వెనుక బొమ్మ నిటారుగా ఉంటే అది పతకపు అమరిక. బ్రిటిష్ నాణేలు, యూరోలు ఇలాంటివి. పై అంచును కిందికి వచ్చేలా తిప్పితేనే నిటారుగా ఉంటే అది నాణెపు అమరిక. అమెరికా నాణేలు ఇలాంటివి. ఈ రెంటికీ చెందకుండా వెనుక బొమ్మ వంకరగా తిరిగి ఉంటే, అచ్చు తన స్థానం నుంచి జరిగిందని అర్థం.

ఎగరేసినప్పుడు బొమ్మ పడే అవకాశం, బొరుసు పడే అవకాశం సమానమేనా?

బొమ్మకు, బొరుసుకు మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఉన్నది వేరే చోట. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో 48 మంది కలిసి 3,50,757 సార్లు నాణేలు ఎగరేశారు. ఎగరేసే ముందు ఏ వైపు పైకి ఉందో అదే వైపు 50.8 శాతం సార్లు మళ్ళీ పైకి పడింది. అంటే ఫలితాన్ని కొంచెం కదిలించేది వైపు పేరు కాదు, బొటనవేలి మీద అది ఉన్న తీరు. నాణెం అంచు మీద నిలబడిపోవడం కూడా అసాధ్యం కాదు. అమెరికా ఐదు సెంట్ల నాణేన్ని గట్టి నేల మీద వేస్తే సుమారు 6,000 సార్లకు ఒకసారి అలా జరగవచ్చని 1993లో ఇద్దరు శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

నా దగ్గర ఉన్న నాణేన్ని వివరించేటప్పుడు ఏ పేర్లు వాడాలి?

ఫోటోలో ముఖభాగాన్ని ఎడమ పక్కన, వెనుక భాగాన్ని కుడి పక్కన పెట్టడం వాడుక. ఒకదాని కింద ఒకటి పెడితే ముఖభాగం పైన ఉండాలి. వివరణలో కూడా అదే వరసలో రాసి, చివర అంచు గురించి ఒక్క వాక్యమైనా రాయండి, చాలామంది వదిలేసేది అదే. ముఖం ఎటు చూస్తోందో రాయడం కూడా అవసరం, ఎందుకంటే బ్రిటిష్ నాణేలలో ఒక రాజు కుడికి చూస్తే తరవాతి రాజు ఎడమకు చూడటం రెండవ చార్లెస్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ; రాణి ఎలిజబెత్ కుడికి చూస్తే ఇప్పటి మూడవ చార్లెస్ ఎడమకు చూస్తున్నాడు. ఇక్కడ కుడి, ఎడమ అంటే చూసేవారి కుడి ఎడమలే, బొమ్మలోని మనిషివి కావు. ఏది ముఖభాగమో తేల్చుకోలేకపోతే ఊహించి రాయకండి. ‘సింహాలు ఉన్న వైపు’, ‘అంకె ఉన్న వైపు’ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చదివినవారు ఎవరైనా సరిగ్గానే అర్థం చేసుకుంటారు.